15వ సీటు ఎందుకు ఖాళీ? బెంచ్ చివరి ఆటగాళ్లను ఏ లెక్కన తీసుకుంటారో చెప్పండి

కార్నర్‌త్రీ:
ఈ డౌట్ చాలా రోజులుగా బుర్ర తినేస్తోంది. నేను ఫాలో అయ్యే ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ పేరు చెప్పను, చెబితే ఇక్కడ సగం మంది నవ్వుతారు. సీజన్ మొదలయ్యే ముందు రోస్టర్‌లో 14 మందే ఉన్నారు. సమ్మర్ లీగ్‌లో (వేసవిలో కొత్తవాళ్లు ఆడే టోర్నీ) ఇరగదీసిన కుర్రాడు ఒకడు ట్రైనింగ్ క్యాంప్‌కి వచ్చాడు. ప్రీ సీజన్‌లోనూ బాగానే ఆడాడు. చివరి రోజున వాడిని తీసేశారు. పోనీ వాడి బదులు ఇంకెవరినైనా తీసుకున్నారా అంటే అదీ లేదు, సీటు ఖాళీగా వదిలేశారు. వందల కోట్ల ఓనర్‌కి ఒక్క మినిమమ్ జీతం బరువైపోయిందా?

నెల తర్వాత 34 ఏళ్ల పెద్దాయన్ని తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన ఇప్పటిదాకా ఆడిందల్లా మ్యాచ్ తేలిపోయాక మిగిలే ఆ రెండు నిమిషాలే.

ఇందులో లాజిక్ ఏంటో ఎవరైనా చెప్పండి. తిట్టడానికి కాదు, నిజంగానే అడుగుతున్నా. (సరే, కొంచెం తిట్టడానికి కూడా.)

సిక్స్త్‌మ్యాన్:
నవ్వములే, టీమ్ పేరు చెప్పు.

కార్నర్‌త్రీ:
చెప్పను.

క్యాప్ మాస్టారు:
లాజిక్ ఉంది. నీకు నచ్చకపోవచ్చు గానీ ఉంది.

మామూలు కాంట్రాక్టుల మీద 15 మంది దాకా ఉంచుకోవచ్చు, ఉంచుకోవాలని రూలేం లేదు. 14 మంది మాత్రం ఉండాలి. అంతకంటే తగ్గినా ఒకేసారి రెండు వారాలు, సీజన్ మొత్తం మీద 28 రోజులు ఓర్చుకుంటారు. అంటే ఆ 15వ సీటు టీమ్ ఇష్టం. వీళ్లు కాక టూ-వే వాళ్లు (కింది లీగ్‌కీ అసలు టీమ్‌కీ మధ్య తిరిగేవాళ్లు) ముగ్గురు. క్యాంప్‌కి 21 మందిని పిలవొచ్చు కాబట్టి అక్టోబర్‌లో గుంపు కనిపిస్తుంది. వాళ్లలో కొంతమందికి మొదటి రోజే తెలుసు, తాము అక్కడ ఉండబోయేది మూడు వారాలేనని.

ఇక డబ్బు. 2024-25 సీజన్ అంకెలు చెబుతా, అవి నాకు నోటికి వచ్చు. అనుభవం లేని కుర్రాడి మినిమమ్ జీతం 11.57 లక్షల డాలర్లు. పదేళ్లు దాటిన వెటరన్ మినిమమ్ 33.03 లక్షలు. పైకి చూస్తే కుర్రాడే చవక కదా? అక్కడే మెలిక. మూడేళ్లు దాటిన వెటరన్‌ని ఒక్క ఏడాదికి మినిమమ్ మీద తీసుకుంటే, టీమ్ ఖాతాలో పడేది రెండేళ్ల అనుభవం ఉన్నవాడి జీతం, అంటే 20.87 లక్షలే. మిగతాది లీగ్ భరిస్తుంది. పెద్దవాళ్లు ఖరీదని ఎవరూ పక్కన పెట్టకుండా పెట్టిన రూల్ అది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) ఎవరూ తీసుకోని కుర్రాడికి ఇచ్చేది 11.57 లక్షలే అయినా, లగ్జరీ ట్యాక్స్ (జీతాల మొత్తం ఒక గీత దాటితే టీమ్ లీగ్‌కి కట్టే పన్ను) లెక్కలో మాత్రం వాడినీ 20.87 కిందే కడతారు. అంటే ట్యాక్స్ కట్టే టీమ్‌కి ఆ కోణంలో కుర్రాడూ పెద్దాయనా ఒకటే ధర. మీ వాళ్లు ట్యాక్స్ గీత దాటారా?

కార్నర్‌త్రీ:
దాటారు మాస్టారూ. దాటి కూడా ఈ ఆట ఆడుతున్నారు, అదే బాధ.

క్యాప్ మాస్టారు:
అయితే ఖాళీ సీటు సంగతి కూడా తేలిపోయింది. సీజన్ సుమారు 174 రోజులు. ఆ 20.87 లక్షలను రోజుల లెక్కన పంచితే రోజుకి 12 వేల డాలర్లు. దాని మీద ట్యాక్స్ పడితే డాలర్‌కి ఇంకెన్నో డాలర్లు. నెల రోజులు సీటు ఖాళీగా ఉంచితే మూడున్నర లక్షల జీతమూ, దాని మీద పన్నూ మిగులుతాయి. ఓనర్‌కి అది చిల్లరే అనుకో. కానీ రెండో ఏప్రన్ గీత (ట్యాక్స్ గీతకి పైన ఉండే ఇంకో జీతాల హద్దు) దగ్గర తచ్చాడే టీమ్‌కి ఒక్క లక్ష కూడా గొంతు మీద కత్తే. గీత అవతలికి అడుగేస్తే ట్రేడ్‌లలో (ఆటగాళ్ల మార్పిడిలో) చేతులు కట్టేస్తారు.

అందుకే కొన్ని టీమ్‌లు నవంబర్ దాకా ఆగుతాయి. మీ పెద్దాయన నెల తర్వాత రావడం కాకతాళీయమేం కాదు.

రెబౌండ్ రాణి:
మాస్టారి లెక్క బాగుంది గానీ ప్రతిదీ ట్యాక్సేనా? గోల్డెన్ స్టేట్ 2021 అక్టోబర్ గుర్తుందా? అప్పుడు వాళ్ల 15వ సీటు కోసం చివరి వారం దాకా లాగారు. ఒకవైపు ఏవరీ బ్రాడ్లీ, పేరున్న వెటరన్ డిఫెండర్. ఇంకోవైపు గ్యారీ పేటన్ 2, అప్పటికి టీమ్‌లు మారి మారి అలిసిపోయినవాడు. లాకర్ రూమ్‌లో పెద్దవాళ్లు బ్రాడ్లీ వైపు మొగ్గారని అప్పట్లో వార్తలు వచ్చాయి. పేటన్‌ని ముందు వేవ్ చేశారు (జట్టులోంచి వదిలేశారు) కూడా. ఎక్కడా దొరక్కపోతే అదే టీమ్‌లో వీడియో కోఆర్డినేటర్ ఉద్యోగమైనా ఇవ్వమని అడిగాడు ఆయన! అంటే మ్యాచ్ క్లిప్పులు కోసుకుంటూ కూర్చునే పని.

చివరికి సీజన్ మొదలయ్యే రోజు ఆ సీటు ఆయనకే ఇచ్చారు. 2022 ప్లేఆఫ్స్‌లో మెంఫిస్ మీద మోచెయ్యి విరిగింది, ఫైనల్‌కి తిరిగొచ్చాడు, టైటిల్ గెలిచారు. ఆ వేసవిలోనే పోర్ట్‌లాండ్ మూడేళ్లకి 2.6 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంచి పన్ను మిగుల్చుకుందాం అనుకుని ఉంటే?

సిక్స్త్‌మ్యాన్:
ఆయన కుర్రాడేం కాదు రాణి గారూ, అప్పటికే 28.

రెబౌండ్ రాణి:
అదే చెప్తున్నా. కుర్రాడా పెద్దాయనా అని కాదు, ఆ టీమ్‌కి ఏ పని చేసేవాడు లేడు అన్నది చూడాలి. స్టీఫ్, క్లే, పూల్ ఉన్నచోట ఇంకో షూటర్ ఎందుకు? బాల్ ఉన్నవాడి మీద జలగలా అంటుకునేవాడు కావాలి. దొరికాడు.

పాత నిక్స్ పిచ్చోడు:
చివరి సీటు అనగానే మా న్యూయార్క్ నిక్స్ గుర్తు రాకపోతే ఎలా. జెరెమీ లిన్. 2011 డిసెంబర్‌లో గోల్డెన్ స్టేట్ వదిలేసింది, హ్యూస్టన్ పట్టుకుని క్రిస్మస్ ముందు రోజు మళ్లీ వదిలేసింది, మూడు రోజులకి మేం తీసుకున్నాం. ఎందుకు? గార్డులకి దెబ్బలు. అంతకంటే గొప్ప దూరదృష్టి ఏం లేదు, ఒప్పుకుంటా. జనవరిలో ఈరీకి డి-లీగ్ (ఎన్‌బీఏ కింది లీగ్, ఇప్పటి జీ లీగ్) ఆడటానికి పంపారు. నిద్ర ఎవరి సోఫాలో దొరికితే ఆ సోఫాలో. ఫిబ్రవరి 10 దాటితే కాంట్రాక్ట్ గ్యారంటీ అయిపోతుంది (తీసేసినా సీజన్ జీతం మొత్తం ఇవ్వాల్సిందే) కాబట్టి, ఆ లోపు తీసేద్దామా అని ఆలోచిస్తున్న రోజులు.

ఫిబ్రవరి 4న నెట్స్ టీమ్ మీద వేరే దారి లేక దించారు. 25 పాయింట్లు. ఆ గ్యారంటీ తేదీ నాడే, ఫిబ్రవరి 10న, లేకర్స్ మీద 38. ఆ వారం నేను సరిగ్గా తిన్నానో లేదో కూడా గుర్తు లేదు.

అంతకంటే పాతది, జాన్ స్టార్క్స్. 1990లో క్యాంప్‌కి వచ్చి, ఎలాగైనా కళ్లలో పడాలని ప్రాక్టీస్‌లో పాట్రిక్ యూయింగ్ మీదకే డంక్‌కి ఎగిరాడు. యూయింగ్ ఊరుకుంటాడా, కింద పడేశాడు. మోకాలు బెణికింది. దెబ్బ తగిలి ఉన్న ఆటగాడిని తీసేయకూడదని రూల్. డిసెంబర్ చివరికి కూడా మానకపోవడంతో టీమ్ ఉంచుకోక తప్పలేదు. తర్వాత ఆయన ఆల్‌స్టార్. ఆ మోకాలు పది రోజులు ముందు మానిపోయి ఉంటే మా 90ల కథే వేరు.

క్యాప్ మాస్టారు:
పిచ్చోడు గారూ, ఇప్పుడు ఆ గ్యారంటీ తేదీ జనవరి 10. వేవ్ చేసిన ఆటగాడు రెండు రోజులు వేవర్స్‌లో (వేరే టీమ్‌లు ఎత్తుకోగలిగే జాబితాలో) ఉండాలి కాబట్టి నిజమైన గడువు జనవరి 7. ప్రతి ఏడాది ఆ రోజు చూడండి, చివరి కుర్చీల్లో ఉన్నవాళ్ల పేర్లు వరసగా రాలిపోతాయి. వాళ్లు బాగా ఆడలేదని కాదు. ట్రేడ్ గడువుకి ఒక ఖాళీ చేతిలో ఉండాలని.

సిక్స్త్‌మ్యాన్:
నేను అడ్డుపుల్ల వేస్తా, తిట్టుకోకండి. లిన్, స్టార్క్స్, పేటన్... గెలిచినవాళ్ల కథలే చెప్తున్నారు. ఏటా క్యాంప్‌కి వచ్చి పోయేవాళ్లు ఎంతమంది? వాళ్ల పేర్లు మనలో ఒక్కడికి గుర్తున్నాయా? నిజం ఏంటంటే 15వ ఆటగాడు ఎవరైనా చాలాసార్లు టీమ్ గెలుపోటముల్లో తేడా రాదు. మిల్వాకీ ఏళ్ల తరబడి ఒక సీటు తమ సూపర్‌స్టార్ యానిస్ వాళ్ల అన్నయ్య థనాసిస్‌కి ఇచ్చింది. చుట్టరికం కోటా అని అందరం నవ్వాం. 2021లో టైటిల్ ఆగిందా? సూపర్‌స్టార్ సంతోషంగా ఉన్నాడు, ఆ సీటు చేసిన పని అదే. మయామీలో హాస్లెమ్ చివరి ఏడేళ్లలో ఎన్ని నిమిషాలు ఆడాడు?

హీట్ వీరాభిమాని:
హాస్లెమ్ జోలికి రాకు తమ్ముడూ. 20 సీజన్లు ఒకే టీమ్‌కి. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోతే ఫ్రాన్స్ వెళ్లి ఆడి వచ్చినవాడు, మూడు టైటిల్స్. చివరి ఏళ్లలో ఆయన ఆడలేదు నిజమే, కానీ కోచ్ అనలేని మాట ఆటగాడి మొహం మీద అనగలిగేది ఆయనొక్కడే. 2023 ఏప్రిల్‌లో రెగ్యులర్ సీజన్ ఆఖరి మ్యాచ్‌కి దించితే 42 ఏళ్ల వయసులో 24 కొట్టాడు.

ఇంకోటి. ఆయన పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఎవరనుకున్నావ్? డంకన్ రాబిన్సన్ 2018లో టూ-వే మీద వచ్చాడు, 2021లో ఐదేళ్లకి 9 కోట్ల డాలర్లు. గేబ్ విన్సెంట్ టూ-వే. మ్యాక్స్ స్ట్రస్ టూ-వే. కేలెబ్ మార్టిన్ని షార్లట్ వదిలేస్తే టూ-వే ఇచ్చారు. ఈ నలుగురూ 2023లో ఫైనల్ ఆడారు. చివరి సీట్లు లాటరీ టికెట్లు అంటావు నువ్వు. మా దగ్గర అవి నర్సరీ. నారు పోస్తాం, పెద్దాయన కాపలా కాస్తాడు.

సిక్స్త్‌మ్యాన్:
నర్సరీ మాట బాగుంది, ఒప్పుకున్నా. కానీ అది మయామీ. అందరికీ ఆ ఓపిక లేదు.

రెబౌండ్ రాణి:
ఒక్లహోమా సిటీకి ఉంది. 2025 చాంపియన్లలో డార్ట్ 2019లో టూ-వే, విగ్గిన్స్ 2021లో టూ-వే. ఐజయా జో అయితే ఫిలడెల్ఫియా 2022 అక్టోబర్‌లో చివరి కటింగ్‌లో వదిలేసినవాడు, మూడు రోజుల్లో వీళ్లు ఎత్తుకున్నారు. రెండేళ్ల తర్వాత 4.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. కార్నర్‌త్రీ గారి టీమ్ పీకేసిన కుర్రాడు రేపు ఎవరి దగ్గర తేలతాడో ఎవరికి తెలుసు.

కార్నర్‌త్రీ:
నా పుండు మీద కారం చల్లడానికే వచ్చినట్టున్నారు అందరూ.

చివరి కుర్చీ:
చాలా కాలంగా చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈ టాపిక్‌లో మాత్రం నా పేరే అర్హత. కాలేజీ టీమ్‌లో రెండేళ్లు నేను అదే కుర్చీ. ఎన్‌బీఏ ఎక్కడ, మేం ఎక్కడ అనుకోండి. అయినా పని ఒకటే.

మ్యాచ్‌కి ముందు రోజు కోచ్ చేతిలో ఒక కాగితం పెట్టేవాడు. అవతలి టీమ్ ఆడే సెట్‌లు. నేను వాళ్ల స్టార్‌ని అవ్వాలి. ఒకసారి ఎడంచేతి వాటం షూటర్. నాది కుడిచెయ్యి. రాత్రంతా ఎడమవైపు డ్రిబుల్ వేస్తూ హాస్టల్ వరండాలో తిట్లు తిన్నా. మర్నాడు ప్రాక్టీస్‌లో మా మెయిన్ డిఫెండర్‌ని రెండుసార్లు దాటేశా. కోచ్ విజిల్ ఊది వాడిని తిట్టాడు, నా వైపు చూడను కూడా లేదు. నా రెండేళ్లలో దానికంటే పెద్ద మెప్పు లేదు.

మ్యాచ్ రోజున ఏం తెలుస్తుందంటే, శరీరం చల్లబడిపోతుంది. వార్మప్ ఏడింటికి చేస్తాం. తొమ్మిదిన్నరకి, 90 సెకన్లు ఉండగా, నీ పేరు పిలుస్తారు. జాకెట్ జిప్ ఇరుక్కుంటుంది. మోకాళ్లు చెక్కలా ఉంటాయి. నాకు వచ్చిన మొదటి పాస్ చేతుల్లోంచి జారి నేరుగా స్కోరర్ టేబుల్ మీదికి పోయింది. జనం నవ్వారు. ఆ సీజన్‌లో నా గణాంకాల్లో ఉన్నది ఆ టర్నోవర్ ఒక్కటే.

అందుకే 34 ఏళ్ల పెద్దాయన్ని ఎందుకు తీసుకుంటారో నాకు బాగా అర్థమవుతుంది. ఇరవై మ్యాచ్‌లు కూర్చుని, 21వ దాంట్లో హఠాత్తుగా దించితే కంగారు పడకుండా సరైన చోట నిలబడటం ఒక విద్య. 22 ఏళ్లవాడికి అది రాదు. రాకూడదు కూడా, వాడు ఎక్కడో ఒకచోట రోజూ ఆడాలి.

హీట్ వీరాభిమాని:
ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదు సామీ!

క్యాప్ మాస్టారు:
చివరి కుర్చీ గారు అసలు పాయింట్ పట్టుకున్నారు. 2017లో టూ-వే కాంట్రాక్ట్ పెట్టిందే అందుకు. కుర్రాడు జీ లీగ్‌లో రోజూ ఆడతాడు, పైన 50 మ్యాచ్‌ల దాకా జట్టులో ఉండొచ్చు. జీతం కొత్తవాడి మినిమమ్‌లో సగం, 2024-25లో 5.78 లక్షలు. క్యాప్‌లో (టీమ్ జీతాల పరిమితిలో) పడదు, ట్యాక్స్‌లో పడదు. ప్లేఆఫ్స్ మాత్రం ఆడనివ్వరు. ఆడాలంటే రెగ్యులర్ సీజన్ ముగిసేలోపు మామూలు కాంట్రాక్ట్‌కి మార్చాలి. మీరంతా తిట్టుకునే ఆ ఖాళీ సీటుని చాలా టీమ్‌లు దీనికోసమే దాచుకుంటాయి.

అయితే ఇక్కడా ఒక కన్నం మూశారు. 15 మంది నిండని టీమ్ తన టూ-వే వాళ్లందరినీ కలిపి 90 మ్యాచ్‌లకి మించి వాడకూడదు. లేకపోతే అందరూ 14 మందితో సరిపెట్టి టూ-వే కుర్రాళ్లతోనే సీజన్ నెట్టుకొస్తారు కదా.

జీలీగ్ జీవి:
పీకేసిన కుర్రాడి వైపు నుంచి ఎవరూ మాట్లాడట్లేదు. వాడిది బహుశా ఎగ్జిబిట్ 10 కాంట్రాక్ట్ అయి ఉంటుంది. అందులో వేవ్ చేయడం అవమానం కాదు, అదే ప్లాన్. వేవ్ చేశాక సొంత జీ లీగ్ టీమ్‌కి వెళ్లి 60 రోజులు ఉంటే బోనస్ వస్తుంది, 2024-25లో గరిష్ఠంగా 77,500 డాలర్లు. జీ లీగ్ మామూలు జీతం సీజన్ మొత్తానికి 40 వేల చిల్లర, కాబట్టి బోనసే జీతం కంటే పెద్దది.

కానీ టూ-వేకీ దీనికీ తేడా ఉంది. టూ-వే వాడిని వేరే టీమ్ ముట్టుకోలేదు. ఎగ్జిబిట్ 10 మీద కిందకి వెళ్లినవాడిని ఏ ఎన్‌బీఏ టీమైనా ఎప్పుడైనా పిలవొచ్చు. అందుకే వాళ్లు ఫోన్ సైలెంట్‌లో పెట్టరు. ఒకసారి ఎయిర్‌పోర్ట్‌లో ఒక జీ లీగ్ టీమ్ తగిలింది నాకు, మామూలు విమానమే ఎక్కుతారు వాళ్లు. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి మధ్య సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. ల్యాండ్ అవ్వగానే బెల్ట్ తీయకముందే ఫోన్ ఆన్ చేశాడు. ఒక నిమిషం చూసి జేబులో పెట్టేశాడు.

ఆండ్రే ఇంగ్రామ్‌కి ఆ కాల్ పదేళ్లకి వచ్చింది. 384 డి-లీగ్, జీ లీగ్ మ్యాచ్‌లు, ఫిజిక్స్ డిగ్రీ, ఖర్చులకి పిల్లలకి లెక్కల ట్యూషన్లు. 2018 ఏప్రిల్ 10న లేకర్స్ తరఫున హ్యూస్టన్ మీద దిగాడు. 32 ఏళ్లకి మొదటి మ్యాచ్, నెరిసిన జుట్టు, 19 పాయింట్లు. సీజన్‌లో మిగిలినవి రెండే మ్యాచ్‌లు కాబట్టి చేతికి వచ్చింది 14 వేల డాలర్ల లోపే. స్టేడియం అంతా ఎంవీపీ, ఎంవీపీ అని అరిచింది.

పాత నిక్స్ పిచ్చోడు:
ఆ మ్యాచ్ చూసి ఏడ్చినవాళ్లలో నేనొకడిని. లేకర్స్ అంటే నాకు పడదు, అయినా.

సిక్స్త్‌మ్యాన్:
టెన్ డే కాంట్రాక్టుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? నాకు అన్నిటికంటే సరదా అదే. జనవరి 5 నుంచి మొదలు. పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. ఒకే టీమ్ ఒకే ఆటగాడికి రెండుసార్లు ఇవ్వొచ్చు, మూడోసారి అంటే సీజన్ చివరిదాకా ఉంచుకోవాల్సిందే. 2013 జనవరిలో మయామీ క్రిస్ ఆండర్సన్‌ని ఇలాగే తెచ్చింది. జూన్‌కల్లా చాంపియన్ రింగ్.

2021 డిసెంబర్ అయితే పిచ్చి. కోవిడ్‌తో టీమ్‌లు సగం ఖాళీ, లీగ్ హార్డ్‌షిప్ (ఆటగాళ్లు కరువైనప్పుడు ఇచ్చే మినహాయింపు) కింద ఎవరిని దొరికితే వాళ్లని తీసుకోనిచ్చింది. బోస్టన్ 2001లో డ్రాఫ్ట్ చేసిన జో జాన్సన్‌ని 20 ఏళ్ల తర్వాత, 40 ఏళ్ల వయసులో మళ్లీ పిలిచింది. రెండు నిమిషాలు, ఒక్క బాస్కెట్. జనం మాత్రం టైటిల్ గెలిచినట్టు అరిచారు. రెండు వారాలకి లాన్స్ స్టీవెన్సన్ ఇండియానాకి టెన్ డే మీద వచ్చి నెట్స్ మీద మొదటి క్వార్టర్‌లోనే 20 కొట్టాడు. నేను స్కోర్ తప్పు పడిందనుకుని పేజీ రిఫ్రెష్ చేశా.

రెబౌండ్ రాణి:
మనవాళ్ల పేరు ఒకటి ఉంది ఈ లిస్ట్‌లో. సిమ్ భుల్లర్. కెనడాలో పుట్టిన పంజాబీ, ఏడడుగుల ఐదంగుళాలు. 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో టెన్ డే ఇచ్చింది. ఎన్‌బీఏలో ఆడిన మొదటి భారత సంతతి ఆటగాడు. మూడు మ్యాచ్‌లు, మొత్తం రెండు పాయింట్లు.

సిక్స్త్‌మ్యాన్:
ఓనర్ భారతీయుడు కాబట్టి, టికెట్ల కోసం తీసుకున్నారని అన్నారు కదా అప్పట్లో.

రెబౌండ్ రాణి:
అన్నారు. అదే సీజన్‌లో వాళ్ల డి-లీగ్ టీమ్ రీనోలో రోజూ ఆడాడన్నది మాత్రం అనరు. రెండు నెలలకి సత్నామ్ సింగ్‌ని డాలస్ 52వ పిక్‌తో తీసుకుంది, ఆయనకి ఆ మూడు మ్యాచ్‌లు కూడా దక్కలేదు. చివరి సీటు దాకా వెళ్లడమే ఎంత దూరమో చూడండి.

క్యాప్ మాస్టారు:
కార్నర్‌త్రీ గారూ, మీ పెద్దాయన కాంట్రాక్ట్ గ్యారంటీదా కాదా చూశారా?

కార్నర్‌త్రీ:
చూశా, కాదు. ఇంకో సంగతి, ఇప్పుడే తెలిసింది. ఆ కుర్రాడు మా జీ లీగ్ టీమ్‌లోనే ఉన్నాడు, నిన్న రాత్రి 31 కొట్టాడు. అదే టైమ్‌కి పెద్దాయన బెంచ్ మీద టవల్ భుజాన వేసుకుని, మా రెండో ఏడాది గార్డుకి చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. నిన్నటిదాకా దాన్ని చూసి చిరాకు పడేవాడిని. చివరి కుర్చీ గారి పోస్ట్ చదివాక ఆ పెద్దాయన ఏం చెబుతున్నాడా అని టీవీ సౌండ్ పెంచా. వినపడలేదు.

సరే, జనవరి 7 రాత్రి మళ్లీ ఇక్కడే కలుద్దాం.

క్యాప్ మాస్టారు:
రాత్రి కాదు. గడువు సాయంత్రం 5, ఈస్టర్న్ టైమ్.